తైబందీ చేసి తూము తియ్యండి

(హనుమకొండలో డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థులకు, చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్ళకు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు మైకు వినిపిస్తోందా? సరే.

ముందు ఒక పని చేద్దాం, మాటలు తర్వాత. ఈ బల్ల మీద ఒక పాత డెస్క్‌టాప్ ఉంది చూడండి. డెల్ ఆప్టిప్లెక్స్. ఆరో తరం ఐ5, నాలుగు కోర్లు. ర్యామ్ 16 జీబీ, అందులో 8 నేను తర్వాత కొని వేసింది. 480 జీబీ ఎస్ఎస్‌డీ. దీనికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. కరెంటు వైరు, నెట్‌వర్క్ కేబుల్, పక్కన ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్క్, అంతే. ఈ డబ్బాలో ఇప్పుడు మూడు కంప్యూటర్లు నడుస్తున్నాయి. ఒక కంప్యూటర్‌ను ఇట్లా పంచడాన్ని వర్చువలైజేషన్ అంటారు, లోపల నడిచే ఒక్కోదాన్ని వర్చువల్ మిషన్, పొట్టిగా వీఎం అంటారు. ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో లినక్స్ ఫైల్ సర్వర్. మూడోది ఒక విత్తనాల షాపు బిల్లింగు. నిజం షాపు కాదు, మీకు చూపించడానికి నేను పెట్టుకున్నది.

ముందు వరుసలో నోట్సు రాస్తున్న అమ్మాయి, ఇటు రా బిడ్డా. ఈ ల్యాప్‌టాప్‌లో ఆ బిల్లింగు పేజీ తెరిచి ఉంది. ఒక బిల్లు కొట్టు. ఏం కొడతావు? చపాటా మిర్చి విత్తనం, రెండు ప్యాకెట్లు. మంచిది, వరంగల్ అనిపించావు. రేటు నీ ఇష్టం. సేవ్ చెయ్యి. బిల్లు నంబరు ఎంత వచ్చింది? 48. అందరూ గుర్తుపెట్టుకోండి, 48.

ఇప్పుడు తెర మీద చూడండి. ఆ షాపు నడుస్తున్న మిషన్‌ను ఆపుతున్నాను. ఆగింది. రిమూవ్ నొక్కుతున్నాను. ఇది ఊరికే తీసెయ్యదు, ఏ నంబరు మిషన్‌ను తీసేస్తున్నావో నీ చేత్తో టైపు చెయ్యమంటుంది. దీని నంబరు 101. కొట్టాను. అయిపోయింది. షాపు లేదు, దాని డిస్క్ లేదు, చపాటా మిర్చి లేదు. (నవ్వులు) నువ్వెళ్ళి కూర్చో బిడ్డా, నీ బిల్లు సంగతి తర్వాత చూద్దాం.

మీలో చాలామంది వర్చువల్‌బాక్స్ వాడి ఉంటారు, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్. విండోస్ మీద వర్చువల్‌బాక్స్, అందులో ఉబుంటు. అది కిరాయి ఇంట్లో ఉంటూ అందులో ఒక గది ఇంకొకరికి కిరాయికి ఇవ్వడం లాంటిది. అసలు ఓనరు విండోస్. ఆయనకు అర్ధరాత్రి అప్‌డేట్ చెయ్యాలనిపిస్తే మీతో పాటు మీ కిరాయిదారూ బజార్లో పడతాడు. ఈ బల్ల మీద ఉన్నది అట్లా కాదు, దీన్ని బేర్ మెటల్ అంటారు. బేర్ మెటల్ అంటే మధ్యలో ఆ ఓనరు ఉండడు. మిషన్ ఆన్ కాగానే మొదట లేచేదే హైపర్‌వైజర్. దానికి ఉన్న పని ఒక్కటే, ఉన్న ప్రాసెసర్ని, మెమరీని, డిస్కును, నెట్‌వర్కును నలుగురికి పంచడం.

ఊళ్ళలో నుంచి వచ్చినవాళ్ళకు నేను ఇంకో మాటలో చెప్తాను. హైపర్‌వైజర్ అంటే నీరటి. చెరువు ఆయనది కాదు, పొలాలూ ఆయనవి కావు. ఎవరి మడికి ఎప్పుడు ఎంత నీళ్ళు పోవాలో చూసి తూము తీసేదీ మూసేదీ ఆయనే. ఒక మడివాడు పక్క మడి నీళ్ళు దొంగతనంగా మళ్ళించకుండా చూసేదీ ఆయనే. పాకాల, రామప్ప, లక్నవరం తవ్విన కాకతీయుల నేల మీద ఉన్నాం, మనకు ఈ విద్య కొత్త కాదు. ఒక చెరువు, పది వాటాలు. మన తాతలు చేసిన పనే, నీళ్ళకు బదులు ర్యామ్.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. ఈ ఆలోచన 1960ల నాటిది, ఐబీఎం వాళ్ళది. కోట్లు పోసి కొన్న పెద్ద మిషన్‌ను ఒకేసారి నలుగురు వాడుకోవాలని చేశారు. 1972లో వీఎం/370 పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టారు. మన ఇళ్ళలో ఉండే ఇంటెల్ రకం ప్రాసెసర్లు మాత్రం ఈ పంపకానికి సరిపడేలా పుట్టలేదు. వీఎంవేర్ అనే కంపెనీ 1998లో మొదలై, సాఫ్ట్‌వేర్ గారడీతో ఆ లోటు పూడ్చింది. 2005, 2006లలో ఇంటెల్, ఏఎండీ రెండూ ప్రాసెసర్‌లోనే ఆ సౌకర్యం పెట్టేశాయి. 2007లో లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని గుండెకాయలోనే, కేవీఎం అనే హైపర్‌వైజర్ చేరింది. అక్కడి నుంచి ఇది పేదోడి ఆట కూడా అయింది.

ఇప్పుడు ఏది పెట్టుకోవాలి అనే ప్రశ్న. దీని మీద నాకు ఒక అభిప్రాయం ఉంది, దాచుకోను. నేను నేర్చుకున్నది వీఎంవేర్ వాళ్ళ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ మీద. 2008లో దాన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. చాలా గట్టి సరుకు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. 2023 చివర్లో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొన్నది. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్ఎక్స్ఐ ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. కాకపోతే ఒకసారి తూము మూసి చూపించినవాడి చెరువు కింద నేను నారు పొయ్యను. మైక్రోసాఫ్ట్ కూడా హైపర్-వీ సర్వర్ అని ఉచితంగా ఇచ్చేది, 2019 వెర్షన్‌తో ఆపేసింది. ఎక్స్‌సీపీ-ఎన్‌జీ అని ఇంకొకటి ఉంది, జెన్ అనే హైపర్‌వైజర్ మీద కట్టింది, ఓపెన్ సోర్స్, అదీ మంచిదే. ఈ బల్ల మీద ఉన్నది మాత్రం ప్రాక్స్‌మాక్స్. ఆస్ట్రియా దేశంలో వియన్నా వాళ్ళది. మొదటి వెర్షన్ 2008లో వచ్చింది. అడుగున డెబియన్ లినక్స్, దాంట్లో కేవీఎం, పైన ఒక వెబ్ పేజీ. సోర్స్ కోడ్ బయటే ఉంది కాబట్టి రేపు వాళ్ళు మనసు మార్చుకున్నా ఇవాళ్టిది మన దగ్గర ఉంటుంది.

అడుగున లినక్స్ ఉంటే అది బేర్ మెటల్ ఎట్లా అవుతుందని కొందరు వాదిస్తారు. పరీక్షలో అడిగితే వాదించండి. ఆఫీసులో ఎవ్వరూ అడగరు.

మిషన్ సంగతి. పాత ర్యాక్ సర్వర్లు చవగ్గా దొరుకుతాయి, చూడగానే మనసు లాగుతుంది. నేనూ ఒకటి కొన్నాను. ఆన్ చేస్తే ఇంట్లో హెలికాప్టర్ దిగినట్టు ఫ్యాన్ల మోత. మా ఆవిడ రెండు రోజులు ఓపిక పట్టింది. మీటరు పెట్టి చూస్తే ఏ పనీ చెయ్యకుండానే 150 వాట్లు లాగుతోంది. రోజుకు 3.6 యూనిట్లు, నెలకు 108. ఈ డెస్క్‌టాప్ 30 వాట్లలో నడుస్తుంది, నెలకు 22 యూనిట్లు దాటదు. ఇంకో సంగతి, విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబర్‌తో అయిపోయింది. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటి మీద విండోస్ 11 పెట్టుకోమని మైక్రోసాఫ్ట్ అనదు. అందుకని ఇట్లాంటి ఆరో తరం, ఏడో తరం మిషన్లను ఆఫీసులు వదిలించుకుంటున్నాయి. మనకు కావలసింది సరిగ్గా అవే. ర్యామ్ ఒక్కటి పెంచుకోండి, ఎస్ఎస్‌డీ వేసుకోండి.

ఇన్‌స్టాల్ చెయ్యడం అరగంట పని, దాని మీద ఎక్కువ సేపు ఉండను. బయోస్‌లోకి వెళ్ళి వర్చువలైజేషన్ టెక్నాలజీ ఆన్ చెయ్యండి. ఏఎండీ మిషన్లలో దాని పేరు ఎస్‌వీఎం అని ఉంటుంది. ఐఎస్ఓ ఫైలును, అంటే ఇన్‌స్టాల్ సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినదాన్ని, పెన్‌డ్రైవ్‌కు ఎక్కించేటప్పుడు రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే డీడీ మోడ్ అని అడుగుతుంది, అదే ఎంచుకోండి. లేకపోతే బూట్ కాదు, మీరు పెన్‌డ్రైవ్‌ను తిట్టుకుంటారు. ఎంచుకున్న డిస్క్ మొత్తాన్ని ఇది తుడిచేస్తుంది. సీ డ్రైవ్ ఒక్కటే కాదు, మొత్తం. నాకు తెలిసిన ఒక తమ్ముడు ఇంట్లో కంప్యూటర్ మీద ప్రయోగం చేసి వాళ్ళ అక్క పెళ్ళి ఫొటోలు పోగొట్టాడు. ఆ అక్క ఇప్పటికీ రాఖీ కట్టేటప్పుడు గుర్తు చేస్తుందట.

మూడు చోట్ల కొత్తవాళ్ళు ఆగిపోతారు, అవి చెప్తాను. ఒకటి, ఐపీ అడ్రస్. ఇన్‌స్టాలర్ మీ రౌటర్ ఇచ్చిన అడ్రస్‌నే చూపించి దాన్నే శాశ్వతం చేస్తుంది. రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. వారం తర్వాత అదే అడ్రస్ ఇంటికొచ్చిన మేనమామ ఫోనుకు ఇస్తుంది. సర్వర్ కనిపించదు, మామ ఫోనులో యూట్యూబ్ రాదు, ఎందుకో ఇద్దరికీ అర్థం కాదు. రౌటర్ పంచే అడ్రస్‌ల వరుసకు బయట ఉన్నది తీసుకోండి. రెండు, ఇన్‌స్టాల్ అయ్యాక నల్ల తెర మీద ఒక అడ్రస్ చూపించి ఊరుకుంటుంది. ఇంకేం రాలేదని అక్కడే కూర్చుంటారు. ఇంకేం రాదు. వేరే కంప్యూటర్ నుంచి బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టాలి, చివర కోలన్ పెట్టి 8006. ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఎస్‌తో సహా కొట్టండి. ఇది సురక్షితం కాదని బ్రౌజర్ భయపెడుతుంది, మీ సొంత మిషనే కదా, ముందుకు పొండి. మూడు, లాగిన్ కాగానే మీకు సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక పెట్టె వస్తుంది. అది చూసి ట్రయల్ వెర్షన్ అనుకుని తీసేసినవాళ్ళు ఉన్నారు. ట్రయల్ కాదు, గడువు లేదు, ఏ బటనూ తాళం వేసి లేదు. ఓకే నొక్కి వెళ్ళడమే. అప్‌డేట్లు మాత్రం డబ్బు కట్టినవాళ్ళ రిపాజిటరీ, అంటే అప్‌డేట్లు దాచిపెట్టే చోటు, నుంచి రాకుండా ఎర్ర గీత చూపిస్తాయి. రిపాజిటరీల పేజీలో దాన్ని ఆపి, నో-సబ్‌స్క్రిప్షన్ అనేది జత చెయ్యండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్ళు సర్దే పద్ధతి, ఏదని అడుగుతుంది. ఒకే డిస్క్, 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్ళు ఈఎక్స్‌టీ4 అని ఉన్నదాన్నే ఉంచండి. జెడ్ఎఫ్ఎస్ గొప్పది, రెండు డిస్కులు ఉన్న రోజు దాని దగ్గరకు వద్దాం.

ఇప్పుడు ఒక విండోస్ మిషన్ చేద్దాం అనుకోండి. ఇక్కడ ఒక్క చోట కొంచెం ఆగాలి, ఎందుకంటే సగం మంది ఇక్కడే నాకు ఫోన్ చేస్తారు. క్రియేట్ వీఎం నొక్కి, ఐఎస్ఓ ఇచ్చి, డిస్క్ 60 జీబీ ఇచ్చి స్టార్ట్ చేశారు. విండోస్ సెటప్ వచ్చింది. ఎక్కడ ఇన్‌స్టాల్ చెయ్యాలని అడిగే పేజీలో జాబితా ఖాళీ. ఒక్క డిస్కూ లేదు. "అన్నా, డిస్క్ ఇచ్చిన కానీ కనిపిస్తలేదు" అని ఫోన్.

డిస్క్ ఉంది, విండోస్‌కు దాని భాష రాదు. హైపర్‌వైజర్ రెండు రకాలుగా డిస్క్ చూపించగలదు. ఒకటి, వేషం కట్టడం. ఎప్పటిదో పాత ఐడీఈ డిస్కులాగా వేషం వేసుకుని నిలబడుతుంది. విండోస్ గుర్తుపడుతుంది, పని జరుగుతుంది, కానీ ప్రతి చదువుకూ ప్రతి రాతకూ ఆ వేషం నిలబెట్టాలి కాబట్టి నత్తనడక. రెండోది, నేను నిజం డిస్కును కాను, నువ్వు ఉన్నది నిజం మిషన్‌లో కాదు, ఇద్దరికీ తెలుసు, నేరుగా మాట్లాడుకుందాం అనడం. దాని పేరు వర్ట్‌ఐఓ. లినక్స్‌కు ఆ భాష పుట్టుకతో వచ్చు. విండోస్‌కు మనం నేర్పాలి. వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓ విడిగా దొరుకుతుంది, దాన్ని రెండో సీడీ డ్రైవ్‌గా తగిలించండి. ఖాళీ జాబితా కింద లోడ్ డ్రైవర్ అని ఉంటుంది. అది నొక్కి, ఆ సీడీలో వీఐఓస్కజీ (vioscsi) అనే ఫోల్డర్, అందులో మీ విండోస్ వెర్షన్, అందులో ఏఎండీ64. ఇంటెల్ ప్రాసెసర్ అయినా ఏఎండీ64నే, కంగారు పడకండి, 64 బిట్‌కు ఆ పేరు అట్లా స్థిరపడింది. నెక్స్ట్ అనగానే డిస్క్ ప్రత్యక్షం. నెట్‌వర్క్‌కు కూడా అదే సీడీలో డ్రైవర్ ఉంది, ఇన్‌స్టాల్ అయ్యాక వేసుకోండి. అన్నట్టు, హైపర్‌వైజర్ ఉచితం కానీ లోపల పెట్టే విండోస్ ఉచితం కాదు. దాని లైసెన్సు దానిదే. ఈ మాట ఓనర్లకు ముందే చెప్పండి, తర్వాత చెబితే మీ మీదకు వస్తుంది.

ఇక అసలు విషయం. నేను ఇవాళ మీకు చెప్పాలని వచ్చింది ఇది.

యాసంగికి ముందు మన దగ్గర తైబందీ చేస్తారు. చెరువులో నీళ్ళు ఎన్ని ఉన్నాయో కొలిచి, వాటితో ఎన్ని ఎకరాలు పారుతుందో ముందే ఖరారు చెయ్యడం. ఆయకట్టు 500 ఎకరాలు ఉండొచ్చు, నీళ్ళు 200 ఎకరాలకే ఉన్నాయంటే 200 ఎకరాలకే నాట్లు. వర్చువలైజేషన్‌లో కొత్తవాళ్ళు చెడేది తైబందీ చెయ్యకనే.

ప్రాసెసర్ విషయంలో కొంచెం ఉదారంగా ఉండొచ్చు. ఇక్కడ నాలుగు కోర్లు ఉన్నాయి, నేను మూడు మిషన్లకు కలిపి ఎనిమిది ఇచ్చాను. తప్పు కాదు. అందరూ ఒకేసారి దున్నరు. తెర మీద చూడండి, ఇప్పుడు సీపీయూ వాడకం 4 శాతం. కంప్యూటర్లు ఎక్కువ సేపు ఖాళీగానే కూర్చుంటాయి, అసలు ఈ విద్య పుట్టిందే అందుకు. ఎక్కువ మంది ఒక్కసారే మీద పడితే అందరికీ కొంచెం నెమ్మదిస్తుంది, ఎవరూ చావరు.

ర్యామ్ అట్లా కాదు. 16 ఉంటే హైపర్‌వైజర్‌కు 2 పక్కన పెట్టండి, మిగిలింది 14. విండోస్‌కు 6, ఫైల్ సర్వర్‌కు 2, షాపుకు 2. మొత్తం 10. నాలుగు మిగులు, దాన్ని అట్లాగే ఉంచండి. ఖాళీగా ఉంది కదా అని చేతులు దురదపెడతాయి. ప్రాక్స్‌మాక్స్‌లో ప్రతి వీఎం అడుగున ఉన్న లినక్స్‌కు ఒక మామూలు ప్రాసెస్. మెమరీ అయిపోతే లినక్స్ ఏం చేస్తుందో తెలుసా? బాగా తింటున్న ప్రాసెస్ ఎవరో చూసి చంపేస్తుంది. అందరికంటే ఎక్కువ తినేది మీ ముఖ్యమైన వీఎం. కాబట్టి చచ్చేది అదే. షట్‌డౌన్ కాదు, ప్లగ్గు పీకినట్టు పోతుంది.

డిస్క్ ఇంకా మాయదారిది. ఈ 480 జీబీ ఎస్ఎస్‌డీలో సిస్టమ్ తన వాటా తీసుకున్నాక వీఎంలకు మిగిలేది మూడు వందల పైచిలుకు జీబీ. కానీ నేను మూడు మిషన్లకు తలా 200 ఇస్తానన్నా ఇది కాదనదు. థిన్ ప్రొవిజనింగ్ అంటారు. కాగితం మీద 200, నిజంగా రాసినంతే వాడకం. వాగ్దానానికి ఖర్చేముంది!

ఒక ఆస్పత్రిలో నేను ఇట్లాగే చేశాను. పేరు వద్దు, తప్పు వాళ్ళది కాదు, నాది. మూడు వీఎంలు, తలా 200. మొదట్లో అన్నీ కలిపి 90 జీబీ కూడా లేవు. హాయిగా ఉన్నాను. ఒక రోజు బిల్లింగు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యాలన్నారు, ముందు జాగ్రత్తగా స్నాప్‌షాట్ తీశాను. అప్‌డేట్ బాగానే అయింది. స్నాప్‌షాట్ తీసెయ్యడం మరిచిపోయాను. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో ఉన్నదాన్ని అట్లాగే పట్టి ఉంచడం. తర్వాత మారిన ప్రతి ముక్కకూ కొత్త చోటు కావాలి, పాతది వదలడానికి లేదు. మూడు నెలలు నడిచింది. పైగా లోపల విండోస్‌లో వాళ్ళు ఫైళ్ళు డిలీట్ చేస్తే ఆ చోటు బయట పూల్‌కు, అంటే వీఎంలన్నీ పంచుకునే డిస్క్ చోటుకు, తిరిగి రావడం లేదు, ఎందుకంటే డిస్క్ పెట్టేటప్పుడు డిస్కార్డ్ అనే గడి నేను టిక్ పెట్టలేదు. లోపలివాళ్ళకు సగం ఖాళీ కనిపిస్తోంది. బయట పూల్ నిండిపోతోంది.

రాత్రి పదిన్నరకు ఫోన్. కౌంటర్‌లో అమ్మాయి, బిల్లు ప్రింట్ నొక్కితే తెర బిగుసుకుపోయిందంటోంది. వెనక క్యూలో గొడవ ఫోనులో వినపడుతోంది. వెబ్ పేజీ తెరిస్తే మూడు వీఎంల పక్కన పసుపు పచ్చ త్రికోణం, ఐఓ ఎర్రర్, అంటే డిస్క్ మీద రాయలేకపోతున్నానని. పూల్ నూరు శాతం. చెరువు నిండితే మత్తడి దూకుతుంది, నీళ్ళు వాగులో పడతాయి, కట్ట నిలబడుతుంది. థిన్ పూల్‌కు మత్తడి లేదు. నిండిన క్షణాన రాయబోయినవాళ్ళంతా రాయి తగిలినట్టు ఆగిపోతారు. ఆ పాత స్నాప్‌షాట్ తీసేస్తే చోటు వచ్చింది, మిషన్లు లేచాయి. ఒకదాంట్లో డేటాబేస్ మరమ్మతుకు తెల్లవారింది. క్యాంటీన్‌లో ఇచ్చిన ఉప్మా తింటూ చేశాను, ఉప్మా మాత్రం బాగుంది.

అప్పటినుంచి నా లెక్క ఒకటే. పంచినదంతా కలిపి పూల్‌ను దాటితే, దాటింది ఎంతో గోడ మీద రాసిపెట్టు. 80 శాతానికి మెయిల్ వచ్చేలా పెట్టు. స్నాప్‌షాట్ తీసిన రోజే దాన్ని తీసేసే రోజు ఫోనులో అలారం పెట్టు. డిస్కార్డ్ టిక్ పెట్టు.

ఇంకోటి, స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకునేవాళ్ళున్నారు. అది అదే డిస్క్ మీద ఉంటుంది. డిస్క్ పోతే రెండూ కలిసి పోతాయి. బ్యాకప్ వేరే చోట ఉండాలి. ఈ పక్కనున్న యూఎస్‌బీ డిస్క్ నా బ్యాకప్. ఇది మరీ గొప్ప ఏర్పాటు కాదు, ఈ గదికి నిప్పు అంటుకుంటే ఇదీ పోతుంది. ఇంట్లో నేర్చుకునేందుకు చాలు. ఆఫీసులో అయితే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ అని వాళ్ళదే ఇంకొకటి ఉంది, 2020 నుంచి వస్తోంది, అదీ ఉచితమే. మారిన ముక్కలు మాత్రమే దాస్తుంది కాబట్టి చోటు తక్కువ పడుతుంది. వేరే మిషన్ మీద, వీలైతే వేరే బిల్డింగులో పెట్టండి.

షాపు గుర్తుందా? ఇప్పుడు ఆ డిస్కులో చూద్దాం. బ్యాకప్‌ల జాబితాలో 101 ఉంది చూడండి. మిషన్‌ను తీసేశాను, బ్యాకప్ మిగిలింది. రీస్టోర్ నొక్కుతున్నాను. కింద లాగ్‌లో శాతం కదులుతోంది. ఒకటి, రెండు... యూఎస్‌బీ డిస్క్ కదా, టైమ్ పడుతుంది. అది నడవనివ్వండి, నడిచేలోపు కరెంటు గురించి ఒక మాట చెప్పి, మీ ప్రశ్నలు తీసుకుంటాను.

కరెంటు పోవడం మనకు కొత్త కాదు. పోయి రావడమే అసలు పరీక్ష. ఆదివారం మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయి, రాత్రికి వచ్చింది. సోమవారం పొద్దున మీరు మడికొండలోనో కాజీపేటలోనో ఉన్నారు, ఆఫీసులో సర్వర్ ఆఫ్ అయి కూర్చుంది. బయోస్‌లో, కరెంటు వచ్చాక మళ్ళీ ఆన్ కావాలనే సెట్టింగు ఉంటుంది, పెట్టండి. తర్వాత ప్రతి వీఎం ఆప్షన్లలో స్టార్ట్ ఎట్ బూట్ ఉంటుంది, దాని కింద వరుస సంఖ్య. డేటాబేస్ ముందు లేవాలి, దాన్ని వాడుకునే బిల్లింగు తర్వాత లేవాలి. యూపీఎస్ యూఎస్‌బీ కేబుల్ తగిలించి, బ్యాటరీ తగ్గగానే అన్నీ మర్యాదగా షట్‌డౌన్ అయ్యేలా చెయ్యవచ్చు. చాలామంది యూపీఎస్ కొంటారు, ఆ కేబుల్ మాత్రం అట్టపెట్టెలోనే ఉంటుంది.

ప్రశ్నలు అడగండి. ఆ, వెనక తమ్ముడు.

ఉద్యోగాలకు వీఎంవేర్ అడుగుతారు కదా, ఇది నేర్చుకుంటే లాభం ఏమిటంటున్నాడు. మంచి ప్రశ్న. వీఎంల డిస్కులు ఉండే చోటును అక్కడ డేటాస్టోర్ అంటారు, ఇక్కడ స్టోరేజ్ అంటారు. వీఎంలను నెట్‌వర్క్‌కు కలిపేదాన్ని అక్కడ వీస్విచ్ అంటారు, ఇక్కడ బ్రిడ్జ్. నడుస్తున్న మిషన్‌ను ఆపకుండా ఇంకో సర్వర్‌కు మార్చడాన్ని అక్కడ వీమోషన్ అంటారు, ఇక్కడ లైవ్ మైగ్రేషన్. పేర్లు మారతాయి, చెరువు చెరువే. పూల్ నిండితే ఏమవుతుందో చూసినవాడు ఇంటర్వ్యూలో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

రెండు మిషన్లు కలిపి క్లస్టర్, అంటే ఒక జట్టు, చెయ్యవచ్చా? చెయ్యవచ్చు, కానీ ఇద్దరే ఉన్న పంచాయతీ లాంటిది. ఒకరు లేచి వెళ్ళిపోతే మిగిలిన ఒక్కరికీ మెజారిటీ ఉండదు, ఏ నిర్ణయమూ సాగదు. కోరమ్ అంటారు. మూడోది కావాలి. మూడో మిషన్ లేకపోతే ఓటు మాత్రమే వేసే చిన్న పెట్టె ఒకటి పెట్టవచ్చు, క్యూడివైస్ అని. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దని నా సలహా.

అమ్మా, మీరు? ల్యాప్‌టాప్ మీద చెయ్యవచ్చా అంటున్నారు. చెయ్యవచ్చు, కేబుల్ తగిలించాలి. వైఫై మీద ఈ బ్రిడ్జ్ మామూలుగా పని చెయ్యదు, ఒక వైఫై కార్డు వెనక నుంచి నలుగురు వేరు వేరు పేర్లతో మాట్లాడితే యాక్సెస్ పాయింట్ ఒప్పుకోదు. వేరే మిషనే లేదంటే వర్చువల్‌బాక్స్‌లోనే ప్రాక్స్‌మాక్స్ పెట్టి చూడండి. కిరాయి ఇంట్లో కిరాయి ఇంట్లో కిరాయి. నెమ్మదిగా ఉంటుంది, కానీ బటన్లు అవే, నేర్చుకోవడానికి చాలు.

ఆగండి, తెర చూడండి. నూరు శాతం. టాస్క్ ఓకే అని వచ్చింది. ఎడమ పక్క జాబితాలో 101 మళ్ళీ వచ్చి కూర్చుంది. స్టార్ట్ నొక్కుతున్నాను. బూట్ అవుతోంది... లాగిన్ వచ్చింది.

బిడ్డా, మళ్ళీ ఇటు రా. ఆ పేజీ రిఫ్రెష్ చెయ్యి. వచ్చిందా? షాపు వచ్చింది. చప్పట్లు తర్వాత, ముందు చివరి బిల్లు నంబరు ఎంతుందో చదువు.

47.

నీ చపాటా మిర్చి ఏదీ? లేదు. ఎందుకు లేదో ఎవరైనా చెప్పగలరా? అవును, కరెక్ట్. బ్యాకప్ రోజూ రాత్రి 9కి పెట్టాను. ఇది నిన్న రాత్రి 9 నాటి షాపు. నువ్వు బిల్లు కొట్టింది ఇవాళ పొద్దున. ఈ షాపుకు రోజుకు ఒక బ్యాకప్ చాలా? మార్చిలో అయితే చాలునేమో, రోజుకు నాలుగు బిల్లులు, గుర్తున్నవి మళ్ళీ కొట్టుకోవచ్చు. మొదటి వాన పడ్డాక జూన్‌లో, కౌంటర్ ముందు రైతులు వరుసగా నిలబడ్డ రోజున? ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి డిస్క్ పోతే ఎన్ని బిల్లులు పోతాయి? అది నాకు తెలియదు, ప్రాక్స్‌మాక్స్‌కూ తెలియదు. షాపాయన దగ్గర కూర్చుని, ఎన్ని గంటల లెక్క పోతే తట్టుకోగలవని అడిగి, ఆ గంటలు బ్యాకప్ టైములో పెట్టాలి.

రా, కూర్చో. ఆ 48 మళ్ళీ కొట్టు. రెండు ప్యాకెట్లే కదా? సేవ్ చెయ్యి. ఆగు, ఇప్పుడే లేవకు, నేను బ్యాకప్ నౌ నొక్కుతున్నాను.